ముందస్తు ఓటు.. మొగ్గు తెలిసేనా!

పోస్టల్ బ్యాలెట్లతో పార్టీల బలాన్ని లెక్కగట్టడంలో చిక్కులెన్నో
స్వల్ప ఆధిక్యాల వేళ సంతకం, ముద్ర సైతం కీలకమే
వలస ఓటరుకు మాత్రం అందని వెసులుబాటు

చోడవరం: పోలింగ్ తేదీకి ముందే పడే ఓట్లను చూసి ఫలితాన్ని ఊహించడం రాజకీయ పక్షాలకు కొత్త అలవాటుగా మారింది. 2024 మే 13న రాష్ట్ర శాసనసభకు, లోక్‌సభకు ఏకకాలంలో పోలింగ్ జరగగా, అంతకు వారం ముందు నుంచే ఫెసిలిటేషన్ కేంద్రాల వద్ద ప్రభుత్వ ఉద్యోగులు బారులు తీరారు. ఎండను సైతం లెక్కచేయక గంటల తరబడి నిలబడిన ఆ వరుసలను చూపి ప్రతిపక్ష శిబిరం ప్రభుత్వ వ్యతిరేకత పెల్లుబికిందని ప్రచారం చేసింది. మొత్తం ఓటర్లలో ఉద్యోగులు ఏపాటి అని అధికార పక్షం తేలిగ్గా కొట్టిపారేసింది. ఇద్దరూ చూసింది ఒకే వరుసను. ఎవరికి కావలసిన అర్థం వారు తీసుకున్నారు.

ఫలితాలు వెలువడ్డాక తమ అంచనాయే నిజమైందని కూటమి నాయకులు చెప్పుకోవడంలో ఆశ్చర్యం లేదు. శాసనసభలోని 175 స్థానాల్లో తెలుగుదేశం 135, జనసేన 21, భాజపా 8 గెలుచుకోగా వైకాపా 11 స్థానాలకు పరిమితమైంది. అయితే ముందస్తు ఓటు ఫలితాన్ని ముందే చెప్పిందా, లేక ఫలితం వచ్చాక ముందస్తు ఓటుకు ఆ అర్థం అతికిందా అన్నది తేలవలసిన ప్రశ్నే. చోడవరం వంటి నియోజకవర్గంలో ఈ ప్రశ్నకు ప్రాధాన్యం ఎక్కువ. ఇక్కడ ఒకప్పుడు 1,385 ఓట్ల తేడాతో శాసనసభ్యుడు ఎన్నికైన చరిత్ర ఉంది మరి.

నాలుగు ఎన్నికలు.. ఇద్దరు ప్రత్యర్థులు

చోడవరం, బుచ్చెయ్యపేట, రావికమతం, రోలుగుంట మండలాలతో కూడిన చోడవరం నియోజకవర్గం చిరకాలం విశాఖపట్నం జిల్లాలో ఉండి, 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన అనకాపల్లి జిల్లాలో చేరింది. చెరకు, బెల్లం, గోవాడ సహకార చక్కెర కర్మాగారం చుట్టూ ఇక్కడి రాజకీయం తిరుగుతుంటుంది. 2009 నుంచి 2024 వరకు జరిగిన నాలుగు సార్వత్రిక ఎన్నికల్లోనూ ప్రధాన పోటీ ఇద్దరి మధ్యే సాగడం విశేషం. తెలుగుదేశం తరఫున కె.ఎస్.ఎన్.ఎస్.రాజు, తొలుత కాంగ్రెస్, ఆ తరువాత వైకాపా తరఫున కరణం ధర్మశ్రీ తలపడ్డారు.

2009లో రాష్ట్రమంతటా కాంగ్రెస్ గెలిచి వై.ఎస్.రాజశేఖరరెడ్డి రెండోసారి ముఖ్యమంత్రి అయినా, చోడవరం ఓటరు తెలుగుదేశం వైపే నిలిచారు. రాజు 1,385 ఓట్ల ఆధిక్యంతో బయటపడ్డారు. అంతకు ముందు 2004లో కూడా రాష్ట్రంలో కాంగ్రెస్ ప్రభంజనం వీయగా ఇక్కడ తెలుగుదేశం అభ్యర్థి గంటా శ్రీనివాసరావు గెలుపొందారు. ఆ తరువాత నియోజకవర్గం తీరు మారింది. 2014లో రాజు తిరిగి విజయం సాధించగా, 2019లో ధర్మశ్రీ 27 వేలకు పైగా ఆధిక్యంతో తొలిసారి రాజుపై పైచేయి సాధించారు. 2024లో రాజు 42 వేలకు పైగా ఆధిక్యంతో ఆ లెక్క సరిచేశారు. ఈ మూడుసార్లూ చోడవరం గెలిపించిన పార్టీయే రాష్ట్రంలో అధికారంలోకి వచ్చింది.

అభ్యర్థులు మారలేదు, ఊళ్లు మారలేదు. ఆధిక్యం మాత్రం వెయ్యి పైచిలుకు నుంచి పదుల వేలకు పెరిగింది. నాలుగు మండలాల పార్టీ కార్యకర్తలు ఓటరు జాబితా పట్టుకుని ఎవరు ఎటు అన్నది ఇంటింటికీ గీతలు గీసి లెక్కగట్టే చోట కూడా ఇంతటి మార్పును ముందుగా ఎవరూ పసిగట్టలేకపోయారంటే, దూరాన ఓ కేంద్రం ముందు నిలబడిన వరుసను చూసి చెప్పే జోస్యానికి ఉన్న విలువ ఎంతో ఊహించవచ్చు.

పెరిగిన పోలింగ్.. మారిన విజేతలు

పోలింగ్ శాతం విషయంలోనూ ఇదే పొరపాటు పునరావృతమవుతోంది. ఎన్నికల సంఘం లెక్కల ప్రకారం రాష్ట్రంలో 2014లో 78.41 శాతం, 2019లో 79.77 శాతం, 2024లో 81.86 శాతం ఓట్లు పోలయ్యాయి. ప్రతిసారీ పెరిగింది. ఆ పెరుగుదల 2014లో తెలుగుదేశానికి, 2019లో వైకాపాకు, 2024లో మళ్లీ తెలుగుదేశం కూటమికి విజయం తెచ్చిపెట్టింది. పోలింగ్ పెరిగితే ప్రభుత్వంపై ఆగ్రహమని ఒకరు, సంక్షేమ పథకాల లబ్ధిదారులైన మహిళలు కదిలి వచ్చారని మరొకరు 2024 మే 13 రాత్రి టీవీ చర్చల్లో వాదించుకున్నారు. కొన్ని కేంద్రాల్లో అర్ధరాత్రి దాటే వరకు ఓటింగ్ సాగినందున ఆ వాదనలకు సమయం కూడా బాగానే దొరికింది. మూడు వారాల పాటు రెండు పక్షాలూ ఆ 81.86ను తమ ఖాతాలోనే వేసుకున్నాయి.

ఆ అంకెలోనే ముందస్తు ఓటు వాటా దాగి ఉంది. ఈవీఎంల ద్వారా పడినది 80.66 శాతం కాగా, పోస్టల్ బ్యాలెట్ల ద్వారా వచ్చినది 1.20 శాతం. రాష్ట్రంలోని ఓటర్లు సుమారు 4.13 కోట్లు కనుక ఆ వాటా దాదాపు 5 లక్షల ఓట్లకు సమానం. 175 నియోజకవర్గాలకు పంచి చూస్తే సగటున ఒక్కోచోట 2,800 పైచిలుకు. 42 వేల ఆధిక్యం ముందు అది లెక్కలోకి రాదు. 1,385 ముందు అది రెట్టింపు. అయితే 2009లో ఇంత పెద్ద సంఖ్యలో పోస్టల్ ఓట్లు లేవన్నది గుర్తుంచుకోవాలి.

ఎవరీ ముందస్తు ఓటర్లు?

మన దేశంలో ముందుగా ఓటు వేయడం అందరికీ ఉన్న హక్కు కాదు. ఎన్నికల విధుల్లో ఉన్న ఉద్యోగులు, పోలీసులు ఫారం 12 ద్వారా దరఖాస్తు చేసుకుని ఓటు వేస్తారు. ఒకప్పుడు బ్యాలెట్ పత్రాన్ని ఇంటికి తీసుకెళ్లి, ఓట్ల లెక్కింపు ప్రారంభమయ్యే లోగా ఎప్పుడైనా పంపే వీలుండేది. ఆ పత్రాలు చేతులు మారుతున్నాయన్న ఆరోపణల నేపథ్యంలో 2023 ఆగస్టులో నిబంధనలు సవరించి, ఫెసిలిటేషన్ కేంద్రంలోనే ఓటు వేయాలని నిర్దేశించారు. ఆ తరువాత కూడా కేంద్రాల వెలుపల డబ్బు పంపిణీ జరిగిందన్న ఆరోపణలు 2024లో రాకపోలేదు. ఓటు ఎక్కడ వేయాలన్నది మారింది గానీ, ఓటరు ఎవరో ముందే తెలిసిపోయే స్థితి మారలేదు.

రెండో వర్గం వృద్ధులు, దివ్యాంగులు. తొలుత 80 ఏళ్లు దాటినవారికి ఇచ్చిన ఇంటి వద్ద ఓటు సదుపాయాన్ని 2024 మార్చిలో 85 ఏళ్లకు పెంచారు. 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్నవారు కూడా అర్హులు. ఫారం 12డీ ఇచ్చిన వారి ఇంటికి పోలింగ్ సిబ్బంది వీడియో చిత్రీకరణతో వెళతారు. మన్యం అంచున ఉన్న రావికమతం, రోలుగుంట మండలాల్లోని గ్రామాల్లో మంచం దిగలేని వృద్ధురాలికి ఇది నిజమైన మేలు. మూడో వర్గం సైనిక దళాల్లోని సర్వీసు ఓటర్లు. ఉత్తరాంధ్ర పల్లెల నుంచి సైన్యంలో, నౌకాదళంలో చేరినవారికి కొదవలేదు. 2016లో మొదలైన విధానం ప్రకారం వీరికి బ్యాలెట్ ఎలక్ట్రానిక్ పద్ధతిలో వెళుతుంది. ఓటు వేసిన పత్రం మాత్రం తపాలాలో తిరిగి రావాలి. లెక్కింపు రోజు ఉదయం 8 గంటలలోపు చేరకపోతే అది చెల్లదు.

ఈ మూడు వర్గాల్లో రాజకీయ పక్షాల చూపంతా మొదటి వర్గంపైనే పడింది. కారణం సుస్పష్టం. 2004 సెప్టెంబరు 1 తరువాత చేరిన ఉద్యోగులకు వర్తించే సీపీఎస్ పింఛను విధానాన్ని అధికారంలోకి వచ్చిన వారంలో రద్దు చేస్తామని 2019 ఎన్నికల ముందు వై.ఎస్.జగన్మోహన్‌రెడ్డి హామీ ఇచ్చారు. రద్దు జరగలేదు. బదులుగా 2023లో జీపీఎస్ చట్టం వచ్చింది. వేతన సవరణపై ఆగ్రహించిన ఉద్యోగులు 2022 ఫిబ్రవరి 3న వేలాదిగా విజయవాడకు తరలి వెళ్లడం రాష్ట్రమంతా చూసింది. అందుచేత 2024లో పోస్టల్ బ్యాలెట్ దరఖాస్తులు పెరగగానే ఆ కోపమే ఓటుగా మారుతోందన్న అంచనాకు బలం చేకూరింది. ఆ అంచనా నిరాధారం కాదు. అయితే ఉద్యోగి కోపం ఉద్యోగిదే. పింఛను కోసం ఎదురుచూసే ఉపాధ్యాయుడి ఓటును చూసి, చెరకు బకాయిల కోసం తిరిగే రైతు ఓటు ఎటో చెప్పడం కుదరదు. 2024లో ఇద్దరూ ఒకే దిశగా కదిలారు కాబట్టి సరిపోయింది.

అమెరికాలో రోజువారీ లెక్క

ముందస్తు ఓటును పార్టీల వారీగా లెక్కించే విద్యలో ఆరితేరినవారు అమెరికన్లు. అక్కడ అధ్యక్ష పదవికి పోటీ చేసే అభ్యర్థిని పార్టీ పెద్దలు కాక ఓటర్లే రాష్ట్రాల వారీగా జరిగే ప్రైమరీల్లో ఎంపిక చేస్తారు. తెలుగు కుటుంబాలు పెద్దసంఖ్యలో స్థిరపడిన టెక్సస్‌లో ఓటరు ముందుగా ఏ పార్టీలోనూ నమోదు కానక్కరలేదు. ప్రైమరీ రోజున, లేదా అంతకు ముందు పది, పదిహేను రోజుల్లో ఎప్పుడైనా కేంద్రానికి వెళ్లి డెమోక్రాటిక్ బ్యాలెట్ కావాలో, రిపబ్లికన్ బ్యాలెట్ కావాలో అడిగి తీసుకుంటారు. ఎవరికి ఓటు వేశారన్నది రహస్యం. ఏ పార్టీ బ్యాలెట్ తీసుకున్నారన్నది మాత్రం బహిరంగ రికార్డు. అందువల్ల ఏ రోజుకారోజు ఏ పార్టీ వారు ఎందరు వచ్చారో అంకెలు వెలువడుతుంటాయి.

అంత స్పష్టమైన లెక్క ఉన్నా జోస్యం ఫలించిందా అంటే అదీ లేదు. 2020 మార్చి 3న ముగిసిన టెక్సస్ ప్రైమరీలో డెమోక్రాట్లు సుమారు 20.9 లక్షల మంది, రిపబ్లికన్లు సుమారు 20.2 లక్షల మంది ఓటు వేశారు. దశాబ్దాలుగా రిపబ్లికన్ల కోటగా ఉన్న రాష్ట్రం చేయి జారుతోందన్న చర్చ జోరందుకుంది. నవంబరులో డొనాల్డ్ ట్రంప్ అక్కడ 6.3 లక్షల ఓట్ల ఆధిక్యంతో గెలిచారు. ప్రైమరీలో డెమోక్రాట్లు ఎక్కువగా రావడానికి అసలు కారణం వారి పార్టీలో గట్టి పోటీ ఉండటం. రిపబ్లికన్లలో ట్రంప్‌కు చెప్పుకోదగ్గ ప్రత్యర్థి లేరు. 2024 మార్చిలో పరిస్థితి తారుమారైంది. జో బైడెన్‌కు పోటీ లేకపోవడంతో డెమోక్రాట్లు పది లక్షల లోపే రాగా, రిపబ్లికన్లు 23 లక్షల వరకు వచ్చారు. ఆ నవంబరులో ట్రంప్ టెక్సస్‌ను మరింత తేలిగ్గా గెలుచుకున్నారు. ఒకే రకం అంకె ఒకసారి తప్పుదారి పట్టించింది, మరోసారి దారి చూపింది. ఏది ఏదో ముందుగా తెలిసే మార్గం లేదు.

ముందుగా ఓటు వేయడంలో మరో చిక్కు కూడా 2020 టెక్సస్‌లో బయటపడింది. ముందస్తు ఓటింగ్ ఫిబ్రవరి 28న ముగిసింది. మార్చి 1న పీట్ బుటజజ్, 2న ఏమీ క్లోబుచార్ పోటీ నుంచి తప్పుకొన్నారు. అప్పటికే వారికి పడిన వేలాది ఓట్లు లేని అభ్యర్థులకు పడినట్లయింది. మన దగ్గర అభ్యర్థిత్వం ఉపసంహరణ గడువు ముగిశాకే బ్యాలెట్ ముద్రణ జరుగుతుంది కనుక ఆ బెడద లేదు. ప్రచారం చివరి వారంలో పార్టీలు చెప్పేది వినకుండానే ఓటు వేయడమన్నది మాత్రం ఇక్కడి ఉద్యోగికి కూడా వర్తిస్తుంది.

అభ్యర్థుల ఎంపికలో ప్రజల మాట తీసుకునే ప్రయత్నాలు మన దగ్గర అసలు జరగలేదని కాదు. 2014లో కాంగ్రెస్ కొన్ని లోక్‌సభ స్థానాల్లో కార్యకర్తల ఓటుతో అభ్యర్థులను నిర్ణయించే ప్రయోగం చేసింది. తెలుగుదేశం ఐవీఆర్‌ఎస్ ఫోన్ సర్వేలను నమ్ముకుంది. ఫోన్‌లో ఒకటి నొక్కడం ఓటు కాదు. ఫలితం పార్టీ కార్యాలయం దాటి బయటకు రాదు.

సంతకం ఉంది.. ముద్ర లేదు

ముందస్తు ఓటు గాలి ఎటో చెప్పకపోయినా, పోటీ హోరాహోరీగా ఉన్నచోట విజేతను నిర్ణయించగలదు. 2024లో అసలు పోరు జరిగింది కూడా ఇక్కడే. పోస్టల్ బ్యాలెట్‌తో పాటు ఓటరు ఫారం 13ఏ పేరిట ధ్రువీకరణ పత్రం జతచేయాలి. దానిపై గెజిటెడ్ అధికారి సంతకం ఉండాలి. బ్యాలెట్ ఒక కవరులో, ఆ కవరు, ధ్రువీకరణ కలిపి మరో కవరులో పెట్టాలి. శాసనసభకు, లోక్‌సభకు వేర్వేరుగా ఇదంతా రెండుసార్లు చేయాలి. ఇంతటి తతంగంలో పొరపాటు జరగకుంటేనే వింత.

పలు కేంద్రాల్లో అధికారి సంతకం చేసినా ముద్ర వేయలేదని, పేరు, హోదా రాయలేదని వెల్లడైంది. సంతకం ఉంటే చాలని, అది నమూనా సంతకంతో సరిపోతే ఓటు చెల్లుతుందని ఎన్నికల సంఘం 2024 మే నెలాఖరులో స్పష్టం చేసింది. ఓటింగ్ ముగిశాక నిబంధన సడలించడం ఏమిటని వైకాపా హైకోర్టుకు వెళ్లింది. అధికారులు చేసిన తప్పిదానికి ఓటరు హక్కు పోగొట్టుకోవాలా అని తెలుగుదేశం ప్రశ్నించింది. ఎన్నికల ప్రక్రియ మధ్యలో జోక్యం చేసుకోలేమని, ఫలితాల తరువాత ఎన్నికల పిటిషన్ వేసుకోవచ్చని జూన్ 1న హైకోర్టు పేర్కొంది. జూన్ 3న సుప్రీంకోర్టు కూడా జోక్యానికి నిరాకరించింది. మరునాడే ఓట్ల లెక్కింపు.

రెండు పక్షాల వాదనలోనూ కొంత న్యాయం ఉంది. ఆట ముగిశాక నియమం మార్చకూడదన్నది సబబే. కానీ ముద్ర వేయడం ఓటరు చేతిలో లేని పని. ప్రభుత్వమే నియమించిన అధికారి మరచిన ముద్రకు ఉద్యోగి ఓటు చెల్లకుండా పోవడం అంతకంటే పెద్ద అన్యాయం. ఈ విషయంలో ఎన్నికల సంఘం నిర్ణయమే సమంజసం. తప్పు జరిగింది దాన్ని ఓటింగ్‌కు ముందు కాక తరువాత చెప్పడంలో. ఏ పార్టీ ఓట్లు అవి అన్న అనుమానం అప్పటికే బలపడింది. ఫలానా బ్యాలెట్లన్నీ ఫలానా పార్టీవేనని ఇరుపక్షాలూ నమ్మినందువల్లే ఒక చిన్న ముద్ర సుప్రీంకోర్టు దాకా వెళ్లింది.

ఆధిక్యం వేలల్లో ఉంటే ఇదంతా మరుగునపడిపోతుంది. చోడవరంలో, రాష్ట్రంలో చాలాచోట్ల అదే జరిగింది. అనకాపల్లి లోక్‌సభ స్థానంలో భాజపా అభ్యర్థి సి.ఎం.రమేష్ 2.9 లక్షలకు పైగా ఆధిక్యంతో గెలిచారు. కానీ అదే 2024లో మడకశిరలో తెలుగుదేశం అభ్యర్థి 351 ఓట్లతో గట్టెక్కారు. 2019లో విజయవాడ సెంట్రల్‌లో వైకాపా గెలిచింది కేవలం 25 ఓట్లతో. అదే ఏడాది గుంటూరు లోక్‌సభ స్థానంలో గల్లా జయదేవ్ ఆధిక్యం 4,205 కాగా, కవరుపై వివరాలు లేవంటూ పోస్టల్ బ్యాలెట్లు వేల సంఖ్యలో తిరస్కరణకు గురికావడంతో వివాదం రేగింది. ఆధిక్యం కన్నా తిరస్కరించిన పోస్టల్ ఓట్లు ఎక్కువగా ఉంటే వాటిని మళ్లీ పరిశీలించాలన్న నిబంధన ప్రాముఖ్యం ఇలాంటి చోటనే తెలుస్తుంది. పోస్టల్ ఓట్ల లెక్కింపు పూర్తయ్యే వరకు ఈవీఎంల చివరి రెండు రౌండ్లు ఆపాలని 2025 సెప్టెంబరులో ఎన్నికల సంఘం ఆదేశించింది. ఆలస్యంగానైనా ఇది అవసరమైన మార్పు.

ఊరు దాటితే ఓటు దూరం

ముందస్తు ఓటు చుట్టూ ఇంత చర్చ జరిగినా, దాని అవసరం అందరికన్నా ఎక్కువగా ఉన్న ఓటరు ప్రస్తావన అందులో వినిపించలేదు. చెరకు గిట్టుబాటు కాక, పనులు దొరక్క ఈ ప్రాంతం నుంచి గాజువాకకు, హైదరాబాద్‌కు, అంతకన్నా దూరానికి తరలివెళ్లిన కూలీలు, ప్రైవేటు ఉద్యోగులు ఓటు వేయాలంటే సొంత ఊరికి రావలసిందే. విదేశాల్లో ఉన్నవారిదీ అదే స్థితి. 2011 నుంచి ప్రవాసులు ఓటరుగా నమోదు కావచ్చు గానీ, ఓటు వేయడానికి విమానం ఎక్కి రావాలి. టెక్సస్‌లో పౌరసత్వం పొందిన తెలుగువారికి పన్నెండు రోజుల పాటు ఏ రోజైనా ఓటు వేసే వీలుంటే, పౌరసత్వం వదులుకోని వారి తోబుట్టువులకు స్వదేశంలో ఒక్క రోజే ఉంది.

2024లో రెండో శనివారం, ఆదివారం, సోమవారం కలిసి వచ్చినందున హైదరాబాద్ నుంచి బయలుదేరినవారితో రైళ్లు, బస్సులు కిక్కిరిశాయి. అదే రోజు తెలంగాణలోనూ లోక్‌సభ పోలింగ్ ఉండటంతో రెండుచోట్లా పేరున్నవారి సంగతి వేరే కథ. రాను పోను ఖర్చు ఎవరు పెట్టుకున్నారన్నది బహిరంగ రహస్యమే. ఓటర్లను పార్టీలు ఉచితంగా పోలింగ్ కేంద్రానికి తరలించడం ప్రజాప్రాతినిధ్య చట్టం 123వ సెక్షన్ ప్రకారం అవినీతి చర్య. కూలి డబ్బుతో టికెట్ కొనలేని ఓటరుకు బస్సు ఏర్పాటు చేసినవారే ఆ ఓటు తమదనుకుంటారు. పార్టీల వారీ పోలింగ్ అన్న మాటకు మన పల్లెల్లో అసలు అర్థం బహుశా ఇదే. ఏ పార్టీ ఎందరిని రప్పించగలిగిందన్నదే ఇక్కడి లెక్క. ఫెసిలిటేషన్ కేంద్రం వద్ద వరుసలో అది కనిపించదు.

ఎన్నికల సంఘానికి ఈ సమస్య తెలియనిది కాదు. 2019 లోక్‌సభ ఎన్నికల్లో దేశంలో 30 కోట్ల మంది ఓటు వేయలేదని, అందుకు వలస ప్రధాన కారణాల్లో ఒకటని సంఘమే అంగీకరించింది. ఉన్నచోటు నుంచే సొంత నియోజకవర్గానికి ఓటు వేసేందుకు ఒక్క యంత్రంలో 72 నియోజకవర్గాల బ్యాలెట్లు చూపే రిమోట్ ఓటింగ్ యంత్రాన్ని రూపొందించింది. 2023 జనవరి 16న ఢిల్లీలో రాజకీయ పార్టీలకు దాన్ని చూపించేందుకు ఏర్పాట్లు చేసింది. వలస ఓటరు అన్న పదానికి నిర్వచనం ఏమిటి, పరాయి రాష్ట్రంలో తమ ఏజెంట్లు ఎలా ఉంటారు అంటూ పలు ప్రతిపక్షాలు అభ్యంతరం తెలిపాయి. ప్రదర్శన జరగలేదు. 2024 ఎన్నికల్లో ఆ యంత్రం ఎక్కడా కనిపించలేదు. మే 13 సోమవారం ఓటు వేసిన వలస కూలీలు మంగళవారం పనిలో ఉండేందుకు ఆ రాత్రే అనకాపల్లి స్టేషన్‌కు చేరుకోవలసి వచ్చింది.